ఊరి హైస్కూలు పిల్లల కోసం విద్యా నిధిని ఏర్పాటు చేసి నడపడం ఎలా?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదువుకొని ఉద్యోగాల్లోనో వ్యాపారాల్లోనో స్థిరపడిన వారు నలుగురు కలిసినప్పుడు ‘మన బడికి ఏదైనా చేద్దాం’ అనుకోవడం మామూలే. ఆ మాట చాలా చోట్ల ఒక ఆత్మీయ సమ్మేళనంతో, గురువులకు కప్పిన శాలువాలతో, పిల్లలకు పంచిన నోటుపుస్తకాలతో ముగిసిపోతుంది. దానిని ఏళ్ల తరబడి నిలిచే విద్యా నిధిగా మలచదలచిన వారి కోసం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలను దృష్టిలో పెట్టుకొని ఈ విధానాన్ని రాస్తున్నాను. కింది సూచనలన్నిటికీ ఆధారం ఒక్కటే: పిల్లల చదువు ఎక్కడ తెగిపోతుందో ముందుగా గుర్తించి, అది తెగకముందే చిన్న మొత్తమైనా చేతికి అందేలా చూడాలి. వేదిక, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి ఆ తరువాతి సంగతులు. లేకపోయినా నష్టం లేదు.

1. ముందుగా బడికి వెళ్లి, ఏది అందుతోందో ఏది అందడం లేదో తెలుసుకోండి

డబ్బు పోగుచేయడానికి ముందే ప్రధానోపాధ్యాయులను కలవండి. ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు, మధ్యాహ్న భోజనం ఇప్పటికే అందుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్ల పేరిట సంచి, బూట్లు, బెల్టు కూడా ఇస్తున్నారు. భోజన పథకం డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తోంది. తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో నగదు జమ అవుతోంది. ఈ పరిస్థితిలో మళ్లీ సంచులు, నోటుపుస్తకాలు కొని పంచడం వల్ల దాతలకు తృప్తి కలగవచ్చు గాని పిల్లలకు ఒరిగేది తక్కువ.

ప్రధానోపాధ్యాయులను అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. గడచిన రెండు మూడేళ్లలో పదో తరగతి పూర్తిచేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? ఎవరు కళాశాలలో చేరలేదు, ఎందుకు చేరలేదు? ఏయే నెలల్లో హాజరు పడిపోతోంది? మిరప కోతలకు, పత్తి తీతకు పెద్దవాళ్లతో పాటు పిల్లలూ వెళ్లే ఊళ్లలో సంక్రాంతికి అటూ ఇటూ తరగతి గది పలచబడుతుంది. వలస వెళ్లే కుటుంబాల్లో పిల్లవాణ్ణి చూసుకునే అవ్వో తాతో లేకపోతే చదువు అక్కడితో ఆగిపోతుంది. జూనియర్ కళాశాల మండల కేంద్రంలో ఉండి సాయంత్రం బస్సు లేని ఊళ్లలో ఆడపిల్లల చదువు పదితోనే ముగిసి, పెళ్లి మాటలు మొదలవుతాయి. ఇంకొక విషయం కూడా గుర్తుంచుకోవాలి: 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసు వరకే వర్తిస్తుంది. అంటే తొమ్మిది, పది తరగతులూ ఇంటర్మీడియట్ చదువూ ఆ హక్కు పరిధి దాటిన తరువాతివి. మీ నిధికి అసలైన పని ఉండేది అక్కడే.

ఉపాధ్యాయులు చెప్పిన కారణాలను ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల మాటతో సరిచూసుకోండి, ఎందుకంటే బడిలో ‘ఆసక్తి లేదు’ అని నమోదైన పిల్లవాడి ఇంటికి వెళ్తే తండ్రికి జబ్బు చేసిందనో, అప్పు తీర్చడానికి మెకానిక్ షెడ్డులో చేరాడనో తెలియవచ్చు. ఆ తరువాత మీ ఆలోచనను పాఠశాల యాజమాన్య కమిటీ ముందు పెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల సభ్యులతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పనిచేస్తున్నాయి. బడి ఆవరణను వాడుకోవడానికి, వారంలో ఫలానా సమయంలో కార్యక్రమాలు నడపడానికి కమిటీ తీర్మానం, ప్రధానోపాధ్యాయుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయిన రోజున ఈ కాగితమే మీకు ఆసరా అవుతుంది.

2. నిధికి చట్టబద్ధమైన రూపం ఇవ్వండి

చాలా బృందాలు ఒక మిత్రుడి సొంత ఖాతాకు ఫోన్‌పే చేయించుకుంటూ మొదలవుతాయి. ఆ మిత్రుడు ఎంత నిజాయితీపరుడైనా ఇది మంచి పద్ధతి కాదు. ఆ డబ్బు ఆయన ఆదాయంలాగే కనిపిస్తుంది, లెక్క అడగడం అవమానించినట్లు అవుతుంది, ఆయనకు ఏదైనా జరిగితే నిధి మొత్తం వారసుల చేతుల్లోకి పోతుంది.

మీ ముందున్న మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది సంఘంగా నమోదు కావడం. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో, ఆశయాలను తెలిపే పత్రాన్నీ నియమావళినీ జతచేసి జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేసుకోవచ్చు. రెండవది ట్రస్టు. ట్రస్టు పత్రం రాయించి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేస్తే సరిపోతుంది. ధర్మకర్తల సంఖ్య తక్కువైనా నడుస్తుంది. ఒకరిద్దరు దాతలు పెద్ద మొత్తం ఇచ్చి దానిని శాశ్వతంగా కాపాడాలనుకున్నప్పుడు ట్రస్టు అనువైనది. బ్యాచ్‌ల వారీగా వందల మంది చేరి, ఏటా కార్యవర్గాన్ని ఎన్నుకోవాలనుకున్నప్పుడు సంఘమే మేలు. పూర్వ విద్యార్థుల విషయంలో నా మొగ్గు సంఘం వైపే, ఎందుకంటే లెక్క అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంటుంది. సంఘం పెట్టినవారు ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. ఈ చిన్న పనిని రెండు మూడేళ్లు వదిలేసిన సంఘాలు తరువాత బ్యాంకులో సంతకాలు మార్చుకోవడానికే అవస్థ పడతాయి.

నియమావళి రాసేటప్పుడు ఆశయాలను మరీ విస్తారంగా రాయకండి. గుడి జీర్ణోద్ధరణ, రక్తదానం, వృద్ధాశ్రమం అన్నీ కలిపి రాసుకుంటే, మొదటి పెద్ద విరాళం వచ్చిన నాడే ఎటు ఖర్చుపెట్టాలనే తగాదా వస్తుంది. ‘ఫలానా పాఠశాలలో చదువుతున్న, చదివి వెళ్లిన పిల్లల విద్య’ అని మాత్రమే రాసుకొని, ఒక సభ్యుడి బంధువు దరఖాస్తు చేసుకుంటే ఆ సభ్యుడు ఎంపికలో పాల్గొనరాదనే నిబంధనను చేర్చండి. నమోదు అయిన వెంటనే సంఘం పేరిట పాన్ కార్డు తీసుకొని, ఇద్దరి సంతకాలు తప్పనిసరి అయ్యేలా బ్యాంకు ఖాతా తెరవండి. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఊళ్లోనో మండలంలోనో ఉండేవారు కావాలి, లేకపోతే జూన్ నెలలో ఒక పిల్లవాడి ఫీజు చెక్కు హైదరాబాదుకో బెంగళూరుకో సంతకానికి తిరుగుతుంటుంది.

ఆదాయపు పన్ను శాఖ వద్ద ధార్మిక సంస్థగా నమోదు, దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి అనుమతి వేర్వేరు విషయాలు. మొదట తాత్కాలికంగా ఇచ్చి, తరువాత పని చూసి పొడిగిస్తారు. ఆదాయపు పన్ను చట్టం 2025లో ఈ సెక్షన్ల సంఖ్యలు మారాయి, ఆ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా రూపొందింది. కనుక దరఖాస్తు నింపే పనిని ఆడిటరుకు అప్పగించండి. దాతలకు మాత్రం రెండు సంగతులు ముందే చెప్పండి: రూ.2,000 మించి నగదుగా ఇచ్చిన విరాళానికి ఈ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి అసలే వర్తించదు. ముందుగా చెప్పకపోతే మార్చి నెలాఖరులో ఫోన్లు మీకే వస్తాయి.

3. విరాళాలు సేకరించండి, విదేశాల నుంచి వచ్చేవాటిని విడిగా చూడండి

ఒక్కో పదో తరగతి బ్యాచ్‌కు ఒక ప్రతినిధిని నియమించి, ఆ బ్యాచ్ చందాను అడగడం, గుర్తుచేయడం, రశీదు అందేలా చూడడం ఆ ప్రతినిధికే అప్పగించండి. పెద్ద మొత్తం ఒక్కసారి అడగడం కన్నా నెలకు రెండు మూడు వందలు బ్యాంకు నుంచి దానంతట అదే జమ అయ్యే ఏర్పాటు మేలు. పిల్లవాడికి ఇంటర్ రెండేళ్లు సాయం చేస్తామని మాట ఇచ్చినప్పుడు, వచ్చే ఏడాది ఎంత వస్తుందో తెలియకుండా ఇచ్చిన మాట నిలబడదు. వచ్చిన దానిలో కొంత భాగాన్ని మూలనిధిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, దాని వడ్డీని మాత్రమే ఖర్చుచేసే నియమం పెట్టుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పూర్వ విద్యార్థులు ముందుకు వచ్చినప్పుడు మొదట వారి పౌరసత్వం అడగండి. భారత పౌరులుగా ఉంటూ విదేశంలో పనిచేస్తున్నవారు తమ సొంత పొదుపు నుంచి సాధారణ బ్యాంకు మార్గంలో పంపిన డబ్బును విదేశీ విరాళంగా పరిగణించరు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, వారు మన ఊరివారే అయినా, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవారే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద నమోదు కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై రూ.15 లక్షల ఖర్చు చూపాలి; డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. చిన్న సంఘానికి ఇది దూరపు మాట. కాబట్టి అటువంటి మిత్రులను డబ్బుకు బదులు సమయం అడగండి: ఆదివారం వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడించడం, ఇంటర్ తరువాత ఏ కోర్సు ఎలా ఉంటుందో చెప్పడం వంటివి. ‘మా అన్నయ్య ఖాతాకు పంపిస్తాను, మీరు తీసుకోండి’ అనే దారి సులువుగా కనిపిస్తుంది గాని సంఘాన్నే చిక్కుల్లో పడేస్తుంది, మర్యాదగా కాదనండి.

4. బడి క్యాలెండరును బట్టి మీ ఏడాదిని అమర్చుకోండి

బడులు జూన్ 12న తెరుచుకొని ఏప్రిల్ మూడో, నాలుగో వారంలో మూతపడతాయి. మీ కార్యక్రమాలు ఈ చక్రంలో ఇమడాలి గాని మీ సెలవుల వీలును బట్టి కాదు. సంక్రాంతికి ఊరికి వచ్చినవారంతా అప్పుడే సభ పెడదామంటారు. బడికి సెలవులు, పదో తరగతి పిల్లలకు మాత్రం పరీక్షలు దగ్గరపడుతున్న సమయం అది. సంక్రాంతిని సభ్యుల సమావేశానికి వాడుకోండి, పిల్లలను పిలవకండి.

జూన్, జూలైలలో బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లాలి. ఆగస్టు నుంచి ఉపకారవేతన పరీక్షల శిక్షణ మొదలవ్వాలి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం, డిసెంబరు 22 జాతీయ గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం బడిలో ఎలాగూ జరిగేవే. వాటికి మీరు వేరే సభ పెట్టకుండా పోటీల సామగ్రి, పుస్తక బహుమతులు సమకూరిస్తే ఉపాధ్యాయులు సంతోషిస్తారు. డిసెంబరు నుంచి పది పరీక్షల వరకు సాయంత్రం ప్రత్యేక తరగతులు నడుస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నంతో సాయంత్రం దాకా కూర్చునే పిల్లలకు ఉడికించిన శనగలు, పల్లీపట్టీ, అరటిపండు వంటివి ఇవ్వడం, చీకటిపడిన తరువాత దూరపు పల్లెల ఆడపిల్లలను ఇళ్లకు చేర్చడానికి ఆటో మాట్లాడడం ఎంతో ఉపకరిస్తాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ చివరి వరకు నిధి ఖాతాలో ఏడాది ఖర్చులో సగమైనా నిలువ ఉండాలి; కారణం ఆరో దశలో చెబుతాను.

5. ఎనిమిదో తరగతి పిల్లలను ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు సిద్ధం చేయండి

మీరు పెట్టే రూపాయికి ఎక్కువ ఫలితం వచ్చేది బహుశా ఇక్కడే. జాతీయ ఉపకారవేతన పథకమైన ఎన్‌ఎంఎంఎస్ కింద ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి రూ.12,000 చొప్పున నాలుగేళ్లలో రూ.48,000 అందుతుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు పొందినవారు, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం పొందినవారు అర్హులు. కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించరాదు. వసతితో కూడిన ప్రభుత్వ గురుకులాల్లో చదివేవారికి ఇది వర్తించదు.

పరీక్షలో రెండు భాగాలుంటాయి. మేధాశక్తిని పరీక్షించే భాగంలో 90 ప్రశ్నలు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠ్యాంశాల మీద మరో 90 ప్రశ్నలు, ఒక్కో భాగానికి 90 నిమిషాలు. రెండు కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు 32 శాతం తెచ్చుకుంటేనే ఎంపికకు పరిశీలిస్తారు. బాగా చదివే పిల్లలు కూడా తడబడేది మొదటి భాగంలోనే. సంఖ్యా శ్రేణులు, అక్షరాల సంకేతాలు, దిక్కులు, అద్దంలో ప్రతిబింబాలు, క్యాలెండరు లెక్కలు బడి పాఠాల్లో కనిపించవు. కనుక ఇవి నేర్పే మనిషిని చూసుకోవడమే మీ మొదటి పని. బ్యాంకు పరీక్షలకో గ్రూపు పరీక్షలకో చదువుతున్న నిరుద్యోగ యువత ఊళ్లలో చాలామంది ఉంటారు. వారికి ఇవన్నీ కొట్టినపిండి. నెలకు కొంత పారితోషికం ఇచ్చి వారానికి మూడు సాయంత్రాలు చెప్పమనండి. అక్టోబరు నుంచి పాత ప్రశ్నపత్రాలతో ప్రతి ఆదివారం నమూనా పరీక్ష పెట్టి, ఓఎంఆర్ పత్రం మీద గుండ్రాలు నింపడం అలవాటు చేయించండి. దరఖాస్తు ప్రకటన వెలువడిన వారంలోపే పిల్లల పత్రాలు ప్రధానోపాధ్యాయుల బల్లమీద ఉండేలా చూడండి.

ఎంపికైన తరువాత సంబరపడి వదిలేస్తే డబ్బు రాదు. ఎంపికైన పిల్లలు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి, ఆ దరఖాస్తును బడి స్థాయిలో ఒకసారి, జిల్లా స్థాయిలో మరోసారి ఆమోదించాలి, ఏటా దానిని పునరుద్ధరించుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉండడం, పుట్టిన తేదీ తేడాగా ఉండడం, బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోవడం వంటి కారణాల వల్లనే అర్హత ఉన్నవారికీ ఆగిపోతుంది. పదో తరగతిలో 60 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం రాకపోతే ఇంటర్‌లో కొనసాగదు. ఇంటర్‌ను ప్రైవేటు కళాశాలలో చదివినా కొనసాగదన్న సంగతి చాలా కుటుంబాలకు చేరాక గాని తెలియదు. పది పరీక్షల సమయంలోనే ఇళ్లకు వెళ్లి చెప్పండి. ఒక్కో పిల్లవాడికి ఒక పుట చొప్పున పుస్తకంలో ఈ వివరాలన్నీ రాసి, ఏటా ఆగస్టులో తిరగేసే పనిని సభ్యుల్లో ఒకరికి అప్పగించండి.

6. పదో తరగతి తరువాతి రెండు నెలలను వదలకండి

ఫలితాలు వచ్చిన నాటి నుంచి ప్రవేశాలు ముగిసే వరకు ఉండే ఆ కొద్ది వారాల్లోనే ఎక్కువ మంది చదువు దారి తప్పుతుంది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉపకారవేతనం చేరిన తరువాత ఎప్పటికో వస్తాయి. కళాశాల మాత్రం చేరే రోజునే కొంత కట్టమంటుంది, హాస్టల్ అడ్వాన్సు అడుగుతుంది, బస్సు పాసు, పుస్తకాలు, దుప్పటి, పెట్టె కొనాలి. ఖరీఫ్ పెట్టుబడికి చేతిలో డబ్బు ఆడని జూన్ నెలలోనే ఇవన్నీ వచ్చిపడతాయి. అయిదారు వేల రూపాయలు లేక వాయిదా వేసిన పిల్లవాడు ఆ ఏడాది పనిలో చేరిపోతాడు, చేతికి కూలి డబ్బు రుచి తెలిశాక తిరిగి రావడం కష్టం. అందుకే ఖాతాలో సగం నిలువ ఉంచమన్నాను. ఈ సమయంలో ఇచ్చే సాయానికి దరఖాస్తు నుంచి చెల్లింపు వరకు వారం కన్నా ఎక్కువ పట్టకూడదని తీర్మానం చేసుకోండి.

ఫిబ్రవరిలోనే ప్రతి పదో తరగతి విద్యార్థి పేరిట ఒక కవరు తయారు చేయించండి. అందులో కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, రేషన్ లేదా బియ్యం కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు, నాలుగు నుంచి పదో తరగతి వరకు చదివినట్లు స్టడీ సర్టిఫికెట్లు, ఫోటోలు ఉండాలి. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు చేసి తెచ్చుకునే ఈ పత్రాలు పరీక్షల ముందు తేలికగా వస్తాయి. మే చివర అందరూ ఒకేసారి ఎగబడినప్పుడు సర్వరు మొరాయిస్తుంది, తహసీల్దారు కార్యాలయంలో పేరుకుపోతాయి. వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లల కవర్లను ముందుగా పూర్తిచేయండి.

తరువాత దారులను విడమరచి చెప్పండి. మన ఊళ్లలో ఎంపీసీ, బైపీసీ తప్ప చదువే లేదన్నట్లు మాట్లాడే అలవాటు ఉంది. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చేయవచ్చు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి కోర్సులు చేయవచ్చు, గురుకుల జూనియర్ కళాశాలల్లో వసతితో ఇంటర్ చదవవచ్చు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, బాసర ట్రిపుల్ ఐటీలు పదో తరగతి ఫలితాల ఆధారంగా ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకుంటాయి. నివాసేతర ప్రభుత్వ బడుల్లో చదివినవారికి కొంత అదనపు స్కోరు కలుపుతారు. ఈ దారిలో వెళ్లి చదువుతున్న మీ బడి పిల్లలనే పిలిపించి ఒక ఆదివారం కూర్చోబెట్టండి. వారి మాట మన ఉపన్యాసం కన్నా బాగా ఎక్కుతుంది. తప్పినవారిని మరిచిపోవద్దు. సప్లిమెంటరీ పరీక్షలు కొద్ది వారాల్లోనే వస్తాయి. గణితమో భౌతికశాస్త్రమో తప్పిన పిల్లలకు ఆ మధ్యకాలంలో రోజూ రెండు గంటల తరగతి పెట్టడం మొత్తం ఏడాదిలో మీరు చేసే మంచి పనుల్లో ముందు నిలుస్తుంది, ఎందుకంటే ఆ పని ఇంకెవరూ చేయరు.

7. సాయం పొందేవారిని ఎంపిక చేసే పద్ధతి

మార్కుల జాబితా తీసి మొదటి ముగ్గురికి ఇవ్వడం సులువు, తగాదా రాదు. కాని మొదటి ముగ్గురికి గుర్తింపు ఎలాగూ దక్కుతుంది. తల్లి ఒక్కతే పోషిస్తున్న పిల్లలు, అనాథలు, దివ్యాంగులు, మధ్యలో మాని తిరిగి చేరినవారు, ఇంట్లో మొదటిసారిగా కళాశాల గడప తొక్కుతున్నవారు ముందు వరుసలో ఉండాలన్నది నా మతం. బహుమతిని, సాయాన్ని వేర్వేరుగా ఉంచండి: బహుమతి మార్కులకు, సాయం అవసరానికి. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక తల్లి, ప్రధానోపాధ్యాయులు సూచించిన ఒక ఉపాధ్యాయురాలు, సంఘం నుంచి ఇద్దరు ఉన్న చిన్న ఎంపిక సంఘం చాలు. ఇంటికి వెళ్లి చూడకుండా ఎవరినీ ఎంపిక చేయవద్దు, కాదనవద్దు.

ఫీజు అయితే కళాశాల ఖాతాకు, ఇతర ఖర్చులైతే తల్లి ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపండి. పిల్లవాణ్ణి వేదిక ఎక్కించి పెద్ద అట్టచెక్కు పట్టించి ఫోటో తీయడం మానుకోండి. పదహారేళ్ల వయసులో తన పేదరికం ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ సిగ్గుకు భయపడి దరఖాస్తే చేయనివారు ఉంటారు. కోర్సు పూర్తయ్యేవరకు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పి, ఏటా హాజరు పత్రం మాత్రం అడగండి. ఒక సబ్జెక్టు తప్పితే సాయం ఆపకండి, కారణం కనుక్కోండి.

8. బడి కార్యక్రమాల్లో మీ పాత్ర

గ్రంథాలయం చాలా బడుల్లో బీరువాలో తాళం వేసి ఉంటుంది. కొత్త పుస్తకాలు కొనేముందు ఆ తాళం తీయించండి. పుస్తకం చినిగితే, పోతే ఉపాధ్యాయుల మీద పడకుండా ఆ నష్టాన్ని సంఘం భరిస్తుందని రాసిస్తే తాళం దానంతట అదే తెరుచుకుంటుంది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బాధ్యతను తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించండి.

విజ్ఞానశాస్త్రంలో ఇన్‌స్పైర్ మనక్ పథకం ఉంది; ప్రతి బడి అయిదు ఆలోచనల వరకు ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి రూ.10,000 ఇస్తారు. బజారులో దొరికే రెడీమేడ్ నమూనాలు కొని పెట్టడం కాక, గొర్రెలు కాసే ఇంటి పిల్లవాడికో చేనేత ఇంటి అమ్మాయికో తన ఇంట్లో కనిపించిన ఇబ్బందిని మాటల్లో పెట్టించడమే మీరు చేయవలసిన సహాయం. ఊళ్లో వెల్డింగు పనివారిని, ఎలక్ట్రీషియన్‌ను ఒక పూట బడికి తీసుకురండి. జన విజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి సైన్స్ సంబరాలకు జట్లను పంపడం కూడా ఖర్చు తక్కువ పని. ప్రయాణ ఖర్చులు, భోజనం మీరు చూసుకుంటే చాలు. ఆటల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లు మండల స్థాయికి వెళ్లేటప్పుడు బూట్లు, జెర్సీలు, ఆటో ఖర్చులకే వ్యాయామ ఉపాధ్యాయులు ఇబ్బంది పడుతుంటారు.

ఏ కార్యక్రమమైనా తరగతి సమయాన్ని తినేయకూడదు. అతిథి కోసం పిల్లలను ఎండలో నిలబెట్టే సభ మీ పేరిట జరగకూడదు. బడికి వస్తువులు ఇవ్వదలచినప్పుడు కేంద్ర విద్యాశాఖ నడిపే విద్యాంజలి పోర్టల్‌లో బడి తన అవసరాలను నమోదు చేసిందేమో చూడండి. స్టాకు రిజిస్టరులో ఎక్కించి సంతకం తీసుకున్నాకే వస్తువు అప్పగించండి.

9. పిల్లల భద్రతకు రాతపూర్వక నియమాలు

స్వచ్ఛందంగా వచ్చేవారు ఎంత తెలిసినవారైనా ఒక పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, సొంత ఫోన్ నుంచి పిల్లలకు విడిగా సందేశాలు పంపకూడదు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటోలు పెట్టకూడదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత; ఊరి పెద్దల పంచాయితీతో ముగించే వీలు లేదు. బాల్యవివాహం, బాలకార్మికం విషయంలో 1098కు ఫోన్ చేయవచ్చు. ఈ సంఖ్యను తరగతి గది గోడ మీద రాయించండి.

10. లెక్కలు, బాధ్యతల అప్పగింత

జమాఖర్చుల చిట్టాను మూడు నెలలకోసారి సభ్యులకు పంపి, ఏడాది చివర ఆడిట్ చేయించండి. బడి నోటీసు బోర్డు మీద మొత్తాలను మాత్రమే పెట్టండి, సాయం పొందిన పిల్లల పేర్లు వద్దు. ఫలితాన్ని ఖర్చుపెట్టిన రూపాయలతో కాక, పది పూర్తిచేసిన వారిలో ఎందరు ఏడాది తరువాత కూడా ఏదో ఒక చదువులో ఉన్నారన్న లెక్కతో చూడండి. ఈ లెక్క తీయాలంటే ప్రతి విద్యార్థి ఇంటి ఫోన్ నంబరు, పక్కింటివారి నంబరు కూడా కవరు మీద రాసుకొని ఉండాలి.

కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఒకరే ఏళ్ల తరబడి ఉండకుండా కాలపరిమితి పెట్టండి. మారే సమయంలో తీర్మానాల పుస్తకం, రశీదు పుస్తకాలు, పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ పత్రం, ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్, పిల్లల వివరాల పుస్తకం జాబితా రాసి సంతకాలతో అప్పగించాలి. బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం నకలు, రిజిస్ట్రారుకు పంపిన కొత్త కార్యవర్గం జాబితా, కొత్తవారి ఆధార్, పాన్ అడుగుతారు. ఈ మార్పును జూలై, ఆగస్టుల్లో పెట్టుకోండి. ప్రవేశాల సమయంలో ఖాతా ఒక్క రోజు కూడా ఆగకూడదు.